గాలి కోర్సా, చెట్ల కోర్సా? అమ్మాయిల కాలేజీ గోల్ఫ్‌లో స్కోరుకి ఏది మేలు

మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. మా వీధి చివర ఉండే తెనాలి తమ్ముడు ఒక ఆదివారం టీ తాగుతూ అడిగాడు: "అన్నా, అమ్మాయిని రెండు కాలేజీల వాళ్లు గోల్ఫ్ టీములోకి పిలుస్తున్నారు. ఒకళ్ల గోల్ఫ్ కోర్సు చెట్ల మధ్యలో, చల్లగా ఉంది. రెండోది ఉత్త బయలు, ఒకటే గాలి. అక్కడ నాలుగేళ్లు ఆడితే పిల్ల యావరేజ్ పాడైపోదూ?"

ఆలోచించకుండానే "చెట్లదే నయం" అనేశాను. రాత్రి పడుకున్నాక ఆ మాట తప్పనిపించింది. ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు గాలి అమ్మాయిల షాట్‌ని ఏం చేస్తుందో చూడాలి. మగవాళ్ల గోల్ఫ్ చూసి ఆ లెక్కలే వీళ్లకీ వేసుకునే తండ్రులు మనలో చాలామంది ఉన్నారు.

ఒక్క హోల్ తీసుకుందాం. పార్ 3, అంటే మూడు స్ట్రోకుల్లో ముగించాల్సింది, దూరం 150 గజాలు. గోల్ఫ్‌లో స్ట్రోకులు ఎంత తక్కువైతే అంత మంచి స్కోరు. ట్రాక్‌మ్యాన్ రాడార్ సగటుల ప్రకారం మహిళల టూర్ ఎల్‌పీజీఏలో ఆడే ప్రొఫెషనల్‌కి 6 ఐరన్ క్లబ్బుతో బంతి గాల్లో 152 గజాలు వెళ్తుంది (నంబరు తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది). మగ ప్రొఫెషనల్‌కి అదే దూరానికి 9 ఐరన్ చాలు. ఇప్పుడు గంటకు 20 మైళ్ల ఎదురుగాలి వీస్తోందనుకుందాం. కోచ్‌లు వాడే మోటు లెక్క ఏమిటంటే మైలు ఎదురుగాలికి ఒక శాతం దూరం పోతుంది, అదే గాలి వెనక నుంచి వస్తే అందులో సగమే కలిసొస్తుంది. అంటే ఇక్కడ ఐదో వంతు పోయినట్టే. మగ ఆటగాడు 5 ఐరనో 6 ఐరనో తీసి సర్దుకుంటాడు. అమ్మాయికి మాత్రం 5 వుడ్ కావాలి, అంటే ఐరన్ల కంటే దూరం కొట్టే పొడుగు క్లబ్బు. ఇవి ప్రొఫెషనల్స్ అంకెలు, కాలేజీలో చాలామంది ఇంతకంటే కాస్త తక్కువే కొడతారు.

ఐరన్‌తో కొట్టిన బంతికీ వుడ్‌తో కొట్టిన బంతికీ తేడా దూరంలో మాత్రమే ఉండదు. ఐరన్ షాట్ నిటారుగా దిగి గ్రీన్ మీద, అంటే జెండా, గుంట ఉండే నున్నటి గడ్డి మీద, ఆగుతుంది. వుడ్ షాట్ వాలుగా దిగి పరిగెడుతుంది. గ్రీన్ ముందు నేల ఖాళీగా ఉంటే ఆ పరుగు మేలే, బంతి దొర్లుకుంటూ పైకెక్కుతుంది. గ్రీన్ ముందు బంకరో (ఇసుక గుంట) చెరువో అడ్డంగా ఉంటే అదే షాట్‌కి దారే లేదు. గాలి అదే, దూరం అదే. ఒకచోట 3, ఇంకోచోట 5 రాయాల్సి వస్తుంది. ఆ రెండు స్ట్రోకులు పోవడానికి కారణం కోర్సు గీసినవాడే కానీ ఊరికే గాలిని తిడతాం.

బయలు కోర్సు అనగానే నాకు గుర్తొచ్చేది లబ్బక్‌లో టెక్సస్ టెక్ యూనివర్సిటీ వాళ్ల రాల్స్ కోర్స్. లబ్బక్ చుట్టూ పత్తి చేలే. వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్లకి ఎర్ర దుమ్ముతో సహా ఇల్లు గుర్తొస్తుంది. బల్లపరుపుగా ఉన్న పత్తి నేలని తవ్వి, మిట్టలు పోసి టామ్ డోక్ ఈ కోర్సు తయారుచేశాడు. 2003లో మొదలైంది. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ 2025 మేలో పెట్టిన మహిళల రీజనల్స్‌లో (ఫైనల్స్‌కి అర్హత పోటీలు) ఒకటి ఇక్కడే జరిగింది. ఆ మైదానాల్లో వసంతకాలపు గాలి తీరు వేరు. పొద్దున ఏడింటికి మామూలుగా ఉంటుంది, ఎండ ఎక్కి నేల వేడెక్కాక పైనుండే గాలి కిందికి దిగి, మధ్యాహ్నానికి టోపీ నిలవదు.

డోక్‌కి గాలి సంగతి తెలుసు కాబట్టి ఫెయిర్‌వేలు, అంటే గ్రీన్ దాకా వెళ్లే గడ్డి బాటలు, వెడల్పుగా పెట్టాడు. డ్రైవర్ క్లబ్బుతో మొదటి షాట్ కొట్టాక అడ్డగాలి బంతిని పాతిక గజాలు పక్కకి లాక్కెళ్లినా బంతి కనిపిస్తుంది, రెండో షాట్ ఆడొచ్చు. పరీక్షంతా గ్రీన్ దగ్గరే. ఏ పక్క నుంచి వస్తే జెండా దగ్గరికి చేరతామో ముందే అనుకుని కొట్టాలి. ఇక్కడ స్కోరు బోగీ బోగీగా (పార్‌కి ఒక్కో స్ట్రోకు ఎక్కువగా) కరుగుతుంది. 8, 9 లాంటి అంకెలు ఒక్క హోల్‌కే పడటం తక్కువ.

చెట్ల కోర్సుకి ఓక్లహోమా స్టేట్ వాళ్ల కార్‌స్టన్ క్రీక్‌ని తీసుకుంటాను. స్టిల్‌వాటర్ ఊళ్లో, ఓక్ అడవిని కోసి టామ్ ఫాజియో వేసిన కోర్సు, 1994 నాటిది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చెట్లున్నాయి కదా, గాలి ఆగుతుంది అనుకుంటాం. నిలబడ్డచోట ఆగుతుంది, నిజమే. బంతి మాత్రం చెట్ల కొనలు దాటి పైకి వెళ్తుంది, అక్కడ ఓక్లహోమా గాలి ఉండనే ఉంది. చెట్ల వరసకి తగిలి సుడి తిరిగి, టీ దగ్గర (మొదటి షాట్ కొట్టే చోట) వెనక నుంచి వచ్చే గాలి గ్రీన్ దగ్గర ఎదురుగా తిరిగిన సందర్భాలు ఎన్నో. గడ్డి పరక పీకి ఎగరేస్తే ఒక మాట చెబుతుంది, జెండా ఒకటి చెబుతుంది, చెట్టు కొన ఇంకోటి చెబుతుంది. నా మటుకు నేను చెట్టు కొననే నమ్ముతాను.

గురి తప్పితే? మూడు నిమిషాలు వెతకాలి. 2019 నుంచి రూలు అంతే, అంతకుముందు ఐదు ఉండేది. ఆకుల్లో బంతి దొరక్కపోతే ఒక స్ట్రోకు శిక్ష వేసుకుని మొదట కొట్టిన చోటికే వెనక్కి వెళ్లాలి. అంటే మళ్లీ కొట్టేది మూడో షాట్. ఆ నడక చాలా చిన్నది కానీ పద్దెనిమిదేళ్ల పిల్లకి అంత పొడుగు దారి ఇంకోటి ఉండదు. వెనక గ్రూపు వాళ్లు పక్కకి జరిగి నిలబడి చూస్తుంటారు, చేతులు చెమట పడతాయి, తర్వాతి షాట్ కూడా అటే పోతుంది. చెట్ల కోర్సులో స్కోరు కరగదు, ఒక్కసారిగా విరుగుతుంది.

అక్కడ మంచి స్కోర్లు రావా అంటే వస్తాయి. 2018 ఎన్‌సీఏఏ మహిళల ఫైనల్స్ కార్‌స్టన్ క్రీక్‌లోనే జరిగాయి. వేక్ ఫారెస్ట్ అమ్మాయి జెనిఫర్ కప్చో నాలుగు రౌండ్లలో పార్‌కి 8 తక్కువతో వ్యక్తిగత టైటిల్ గెలిచింది. టీము పోటీ ఇంకా రంజుగా నడిచింది. స్ట్రోకుల లెక్క అయ్యాక, టీముతో టీము తలపడే మ్యాచ్ ప్లేకి మొదటి ఎనిమిది టీములే వెళ్తాయి. అరిజోనా బయటికి పోయేలా ఉన్నప్పుడు, నీళ్ల పక్కనుండే 18వ హోల్ మీద బియాంకా పగ్దంగానన్ ఈగిల్ (పార్‌కి రెండు తక్కువ) కొట్టి బేలర్ టీముతో సమం చేసింది. ప్లేఆఫ్‌లో బతికిన ఆ టీమే చివరికి అలబామాని 3-2తో ఓడించి కప్పు పట్టుకెళ్లింది. పార్ 5 చివరి హోల్ ఎందుకు పెడతారో ఇక్కడ తెలుస్తుంది. ధైర్యం చేస్తే 3, తడబడితే 7.

గాలి తక్కువైతే, ఎక్కువైతే స్కోర్లు ఎలా ఉంటాయన్నదానికి ఒక జత చెబుతాను. సరితూకం కాదు కానీ ఆసక్తిగా ఉంటుంది. కాలిఫోర్నియాలో సముద్రానికి దగ్గర్లోని లా కోస్టాని గిల్ హాన్స్ తిరగ్గీశాడు. 2024 ఎన్‌సీఏఏ ఫైనల్స్ అక్కడే జరిగాయి, టెక్సస్ ఏ అండ్ ఎం అమ్మాయి అడెలా సెర్నూసెక్ 12 తక్కువతో గెలిచింది. అదే హాన్స్ గీసిన ఇంకో కోర్సు మా ఫ్రిస్కోలో ఉంది, ఫీల్డ్స్ రాంచ్ ఈస్ట్. 2025 జూన్‌లో మహిళల పీజీఏ చాంపియన్‌షిప్ అక్కడ పెట్టారు. ప్రపంచంలోని మేటి ప్రొఫెషనల్స్ అందరూ వచ్చినా నాలుగు రౌండ్లయ్యాక పార్ కంటే కింద ఉన్నది ముగ్గురే. గెలిచిన మింజీ లీ స్కోరు 4 తక్కువ. మేజర్, అంటే అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లలో ఒకటి, కాబట్టి కోర్సుని కఠినంగానే సిద్ధం చేసి ఉంటారు. అయినా ఆ వారం మా ఇంటి పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలు కంచె దాకా వెళ్లిపోయాయి. ఆ గాలిలో ముగ్గురు మిగలడమే గొప్ప.

తెనాలి తమ్ముడి భయం యావరేజ్ గురించి కదా. ఆ భయానికి అర్థం లేదు. కాలేజీ ర్యాంకింగుల్లో ఉత్త సగటు కొలత కాదు, అదే రోజు అదే కోర్సులో మిగతావాళ్లు ఎంత కొట్టారన్నదాన్ని బట్టి మన స్కోరు విలువ తేలుతుంది. ప్రపంచ అమెచ్యూర్ ర్యాంకింగ్ కూడా ఆ దారే. అందరూ 79 కొట్టిన రోజు 75 కొట్టిన పిల్ల, అందరూ 70 కొట్టిన రోజు 71 కొట్టినదానికంటే పైన ఉంటుంది. మన ఎంసెట్ నార్మలైజేషన్ అర్థమైనవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

టీము లెక్కలోనూ ఒక మెలిక ఉంది. ఐదుగురు ఆడతారు, మంచివి నాలుగు స్కోర్లే లెక్కకొస్తాయి. చెట్ల కోర్సులో ఒక పిల్లకి 84 పడిందంటే దాన్ని వదిలేసి మిగతా నలుగురితో బండి లాగొచ్చు, విరిగిన స్కోరుని ఈ పద్ధతి దాచేస్తుంది. బయలు కోర్సులో గాలి లేస్తే ఐదుగురివీ కలిసే పెరుగుతాయి, దాచుకోడానికి చోటు లేదు. అక్కడ గెలిపించేది మొదటి ఆటగత్తె కాదు, నాలుగో ఆటగత్తె. ఆ లెక్కన, ఒకరిద్దరు స్టార్లు, మిగతావాళ్లు అంతంతమాత్రం అనే టీముకి చెట్ల కోర్సు మేలు. ఐదుగురూ ఒకే స్థాయిలో ఉండే టీముకి బయలే మేలు.

అదృష్టం మాటా చెప్పుకోవాలి. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్ బయల్దేరితే గాలి కోర్సులో మధ్యాహ్నం వాళ్ల పని అయిపోయినట్టే. అందుకే రెండో రోజు వంతులు మారుస్తారు. మామూలు సీజన్ టోర్నమెంట్లలో షాట్‌గన్ స్టార్ట్ చాలాసార్లు పెడతారు, అన్ని హోల్స్ నుంచీ ఒకేసారి మొదలు. గాలి అందరికీ ఒకే గంటలో తగులుతుంది కానీ ఒకళ్లకి కష్టమైన హోల్స్ దగ్గర, ఇంకొకళ్లకి తేలిక హోల్స్ దగ్గర. గాలివాటం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. చెట్ల కోర్సులో ఈ తేడా తక్కువ, ఆ మేరకు దానికో మార్కు వెయ్యాలి.

బయలుకి ఇంకో మైనస్ పటింగ్, అంటే గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించడం. గాలిలో గ్రీన్లు మరీ నున్నగా కోస్తే ఆగిన బంతి కూడా కదులుతుంది. బంతి ఉన్న చోట మార్కర్‌తో గుర్తు పెట్టి, బంతిని ఎత్తి, తిరిగి పెట్టాక గాలికి కదిలితే మళ్లీ పాత చోటే పెట్టాలి. అసలు ఎత్తకముందే కదిలితే కొత్త చోటు నుంచే ఆడాలి. ఈ తేడా తెలియక శిక్ష పడ్డవాళ్లున్నారు. అందుకే గాలిరోజుల్లో చాలామంది పిల్లలు గ్రీన్ చేరగానే ముందు మార్కర్ పెట్టి, బంతిని ఎత్తి మళ్లీ పెట్టేస్తారు.

అయినా నా తీర్పు బయలుకే, ఒక షరతుతో. ఫెయిర్‌వే వెడల్పు ఉండాలి, గ్రీన్ల ముందు కనీసం కొన్నింటికైనా దారి తెరిచి ఉండాలి. ఇరుకు ఫెయిర్‌వే, అడ్డంగా నీళ్లు, పైగా గాలి అయితే ముందు నుయ్యి వెనక గొయ్యి. అలాంటి కోర్సు నేర్పేది భయమే. వెడల్పున్న బయలు కోర్సు మాత్రం పిల్లకి క్లబ్బు కిందికి పట్టుకోవడం, సగం స్వింగ్‌తో తక్కువ ఎత్తులో కొట్టడం నేర్పుతుంది. గట్టిగా కొడితే స్పిన్ పెరిగి బంతి ఎదురుగాలికి గాలిపటంలా పైకి లేస్తుందని నాలుగు వారాల్లో ఒంటికి తెలుస్తుంది. ఇది కోచ్ పక్కన నడుస్తూ చెప్పినా ఎక్కదు. కాలేజీ గోల్ఫ్‌లో ఆట మధ్యలో కోచ్ సలహా ఇవ్వచ్చు కూడా.

గాలి దగ్గర పెరిగితేనే గాలిలో ఆడగలరా అంటే అదీ కాదు. భారత సంతతి అమ్మాయి మేఘా గన్నే పెరిగింది న్యూజెర్సీలో, చేరింది స్టాన్‌ఫర్డ్‌లో. 2025 ఆగస్టులో అమెరికా మహిళల అమెచ్యూర్ టైటిల్ మాత్రం ఒరెగాన్ సముద్రపు గాలి మొహాన కొట్టే బ్యాండన్ డ్యూన్స్‌లో గెలిచింది. 36 హోల్స్ ఫైనల్‌లో మిషిగన్ స్టేట్ అమ్మాయి మీద 4-3 తేడాతో, అంటే ఇంకా మూడు హోల్స్ ఉండగానే నాలుగు హోల్స్ ముందుండి. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో సముద్రపు గాలికి ఆడినవాళ్లకి ఆ గెలుపు రుచి కొంచెం ఎక్కువే తెలుస్తుంది.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. తల ఊపాడు కానీ మనసు ఇంకా చెట్ల నీడ మీదే ఉంది. వాళ్లమ్మాయి అప్పటిదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. ఫోన్ పక్కన పెట్టి నన్నొకటే అడిగింది: "పెదనాన్నా, ఆ బయలు కోర్సులో ప్రాక్టీస్ రేంజ్ ఏ దిక్కుకి ఉంది? రోజూ వెనకగాలికే కొడితే నా 7 ఐరన్ ఎంత పోతుందో నాకే తెలీదు. రేంజ్ రెండు చివర్లా టీలు ఉంటే చెప్పండి, అక్కడే చేరతా."