డ్రమ్ గొట్టం ఒక్కటే మార్చాలా, మొత్తం యూనిట్టా?

ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుల్లోకి తొంగి చూడండి. ఏదో ఒక మూల హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 గానీ, కేనన్ ఎల్‌బీపీ 2900 గానీ, పాత లేజర్ ప్రింటర్ ఒకటి తగులుతుంది. ఇరవయ్యేళ్ల నాటి డిజైన్లు. ప్లాస్టిక్ పసుపెక్కి, పేపర్ ట్రే విరిగి, దాని స్థానంలో అట్టముక్క పెట్టి ఉన్నా పని మాత్రం ఆగదు. పేజీ అంచున నల్లటి చార మొదలైందా, ఇక గిరాకీ మొహం చిట్లిస్తాడు. రీఫిల్లింగ్ కుర్రాడు వచ్చి, మూత తీయకముందే “డ్రమ్ పోయింది సార్” అంటాడు. డ్రమ్ అంటే ప్రింటర్ లోపల తిరుగుతూ కాగితం మీద అచ్చు వేసే గొట్టం.

పోయిందో లేదో ముందు స్కేలు పెట్టి మనమే చూసుకోవచ్చు. 1020లో వాడే 12ఏ కార్ట్రిడ్జ్ డ్రమ్ వ్యాసం 24 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత సుమారు 75. పేజీ మీద మచ్చ ప్రతి 75 మిల్లీమీటర్లకూ అదే వరుసలో పడుతుంటే అది డ్రమ్ మీద ఉన్న దెబ్బే. 38కి ఒకసారి పడుతుంటే డ్రమ్‌కి ఛార్జింగ్ ఇచ్చే చిన్న నల్ల రోలర్, అదే పీసీఆర్, దాని మీద మురికి ఉన్నట్టు. బ్రదర్ హెచ్‌ఎల్-2140 లాంటి వాటిలో డ్రమ్ కాస్త లావు, మచ్చల మధ్య దూరం 94 వస్తుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. పేజీ సగం లోపలికి వెళ్లాక మూత తెరిచి, కార్ట్రిడ్జ్ తీసి డ్రమ్ మీది అచ్చు చూడండి. అక్కడ అక్షరాలు శుభ్రంగా ఉండి, బయటికొచ్చే కాగితం మీద పాడవుతున్నాయంటే తప్పు డ్రమ్‌ది కాదు, పొడిని వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్ దగ్గరో, డ్రమ్ మీది పొడిని కాగితం మీదికి లాగే ట్రాన్స్‌ఫర్ రోలర్ దగ్గరో వెతకాలి. ఈ రెండు నిమిషాల పని చేయక, మంచి డ్రమ్‌లు చెత్తబుట్టలో పడేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

డ్రమ్ నిజంగానే అరిగితే ఏం చేయాలన్నది ప్రింటర్ జాతిని బట్టి ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు.

12ఏలో టోనర్ (అచ్చు పొడి), డ్రమ్, పీసీఆర్, వైపర్ బ్లేడ్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. కంపెనీ లెక్కలో అది 2000 పేజీలకు సరిపడా సరుకు, పొడి అయిపోగానే మొత్తం పారేయమని ఉద్దేశం. మనవాళ్లు పారేస్తారా! పొడి నింపుతారు, మళ్లీ నింపుతారు. డ్రమ్ అంటే అల్యూమినియం గొట్టం మీద వెలుగు తగిలితే ఛార్జ్ వదిలేసే సన్నటి పూత. డ్రమ్ తిరిగిన ప్రతిసారీ, మిగిలిన పొడిని తుడిచే రబ్బరు వైపర్ బ్లేడ్ ఆ పూతను రాస్తూనే ఉంటుంది. రెండు మూడు రీఫిల్లింగులయ్యేసరికి పూత పలచబడుతుంది, తరచూ అంచుల దగ్గరే ముందు. పేజీ పక్కన నల్ల చార వచ్చేది అందుకే.

ఈ రకానికి నా ఓటు గొట్టం మార్పిడికే. కొత్త గొట్టం వందా నూటయాభైలో దొరుకుతుంది, ఒరిజినల్ కార్ట్రిడ్జ్ వేలల్లో ఉంటుంది. కాకపోతే గొట్టం ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. బ్లేడ్ కూడా మార్చాల్సిందే. పాత బ్లేడ్ అంచు గరుకెక్కి ఉంటే కొత్త డ్రమ్ మీద వారం తిరక్కుండానే గీతలు పెడుతుంది. బ్లేడ్ తుడిచిన పొడి చేరే వేస్ట్ డబ్బా ఖాళీ చేయాలి. పీసీఆర్‌ని తడి గుడ్డతో మాత్రమే తుడవాలి, స్పిరిట్ పెడితే దాని పై పొర పోతుంది. కొత్త బ్లేడ్‌కీ డ్రమ్‌కీ పల్చగా టోనర్ పొడి గానీ, ఆ పనికే అమ్మే లూబ్రికెంట్ పౌడర్ గానీ అద్దాలి. అద్దకుండా పొడిపొడిగా తిప్పితే బ్లేడ్ మడత పడుతుంది, కీచుమంటుంది. వచ్చిన మెకానిక్ ఇవన్నీ చేస్తున్నాడా, లేక డబ్బాకి బొక్క పెట్టి పొడి పోసి చేతులు దులుపుకుంటున్నాడా అన్నది పక్కన నిలబడి చూడండి. బొక్క పెట్టే పద్ధతిలో వేస్ట్ డబ్బా జోలికి ఎవరూ పోరు. అది నిండి పొర్లిన రోజున పేజీల మీద నల్ల జల్లు కురుస్తుంది.

మరి ఐదారు వందలకు దొరికే కంపాటిబుల్, అంటే వేరే కంపెనీలు చేసే కార్ట్రిడ్జ్? చేతులకు మసి కాకుండా పని అయిపోవాలనుకుంటే అదే తేలిక. ఇంట్లో నెలకు యాభై పేజీలు తీసేవాళ్లు గొట్టం మార్పిడికి తంటాలు పడక్కర్లేదు, కంపాటిబుల్ కొనుక్కోండి. దాని చిక్కల్లా ఒకదానికీ ఒకదానికీ పొంతన ఉండకపోవడమే. ఒకే షాపులో కొన్న రెండింటిలో ఒకటి ఏడాది నడుస్తుంది, రెండోది మొదటి పేజీ నుంచే బూడిద రంగు తేలుస్తుంది. జిరాక్సు షాపు వాళ్లకి గొట్టం మార్పిడే లాభం, ఎందుకంటే ఏ ముక్క ఎప్పుడు వేశామో మనకే తెలుసు. నేనైతే కార్ట్రిడ్జ్ మీద మార్కర్‌తో తేదీ రాసిపెడతాను.

ఒరిజినల్ 12ఏ గురించి ఒక్క మాట చాలు. నాణ్యతకు తిరుగు లేదు, కానీ పాత 1020 సెకండ్‌హ్యాండ్ ధర దాని ముందు చిన్నబోతుంది.

బ్రదర్ జాతి ప్రింటర్ల లెక్క వేరు. అక్కడ టోనర్ వేరు, డ్రమ్ యూనిట్ వేరు. 2140 డ్రమ్‌కి కంపెనీ చెప్పే ఆయువు 12,000 పేజీలు. అదీ రకరకాలుగా మారుతుంది. ఒక్కో పేజీ విడివిడిగా కొడితే డ్రమ్ ముందూ వెనకా ఊరికే తిరుగుతుంది కాబట్టి తొందరగా అరుగుతుంది. ఈ యూనిట్‌లో గొట్టం ఒక్కటే మార్చడం నాకు నచ్చదు. డ్రమ్‌తో పాటు దానికి ఛార్జింగ్ ఇచ్చే కరోనా వైర్, ఆ వైర్ గ్రిడ్, రోలర్లు అన్నీ అదే వయసువి. ఒకటి మార్చి మిగతావి ఉంచితే పాత చెప్పుకి కొత్త వారు కుట్టినట్టే. మొత్తం యూనిట్ మార్చండి. ఒరిజినల్ భారమైతే కంపాటిబుల్ యూనిట్ వేసినా ఫరవాలేదు, 12ఏ కంపాటిబుల్ కన్నా వీటితో నాకు తలనొప్పి తక్కువే వచ్చింది.

కొనేముందు రెండు పనులు. పేజీ నిలువునా గీత పడితే యూనిట్ మీద ఉండే ఆకుపచ్చ ట్యాబ్‌ని అటూ ఇటూ నాలుగైదుసార్లు జరపండి, కరోనా వైర్ మీది దుమ్ము పోతుంది. తర్వాత ట్యాబ్‌ని బాణం గుర్తు దగ్గరికి తెచ్చి వదలాలి, మధ్యలో వదిలేస్తే గీత ఇంకా ముదురుతుంది. 94 మిల్లీమీటర్లకు మచ్చ వస్తుంటే డ్రమ్ తిప్పుతూ ఆ మచ్చ వెతకండి. చాలాసార్లు అది స్టిక్కర్ కాగితాల జిగురు. పొడి దూది పుల్లతో మెల్లగా తుడిస్తే వస్తుంది. గోరు పెట్టకండి.

కొత్త యూనిట్ వేశాక డ్రమ్ ఆయువు లెక్కపెట్టే కౌంటర్‌ని మనమే రీసెట్ చేయాలి. 2140లో అయితే మూత తెరిచి ఉంచి, లైట్లన్నీ వెలిగేదాకా గో బటన్‌ని నాలుగు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. రీసెట్ చేసినంత మాత్రాన పాత డ్రమ్ కొత్తది కాదు. మా వీధిలో ఒకాయన అదే రిపేరని డబ్బులు తీసుకున్నాడు.

డ్రమ్‌ని పాలిష్ పెట్టి నునుపు చేస్తామనే వాళ్లూ ఉన్నారు, కొందరు టూత్‌పేస్టుతో కూడా. అసలే అరిగిన పూత, దాన్ని ఇంకాస్త గీకడమేగా! రెండు వందల పేజీలు బాగా వచ్చి మళ్లీ మొదటికొస్తుంది.

ఏ రకమైనా డ్రమ్‌ని వెలుగులో పెట్టకండి. ఒకసారి కిటికీ పక్కన బల్ల మీద కొత్త గొట్టం విప్పి పెట్టి టీకి వెళ్లాను. ఎండ నేరుగా దాని మీదే పడింది. తిరిగొచ్చి బిగిస్తే పేజీ అంతా మబ్బు పట్టినట్టు వచ్చింది. ఇప్పుడు గొట్టాన్ని నల్ల కవర్లోంచి తీసేది అన్ని స్క్రూలూ విప్పాకే.