టీపీ53 / సెప్17 ఫిష్ ప్రోబ్: ఏళ్ల తరబడి వాడాక

సీఎల్ఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్), మైలోమా (మజ్జలోని ప్లాస్మా కణాల క్యాన్సర్) శాంపిళ్లకు మా సైటోజెనెటిక్స్ (క్రోమోజోమ్ పరీక్షల) ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా వాడుతున్న ప్రోబ్ ఇది. ఫిష్ అంటే డీఎన్‌ఏలో కావాల్సిన చోట మెరిసే రంగున్న ముక్కను (ప్రోబ్‌ను) అతికించి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష. 17వ క్రోమోజోమ్ పొట్టి చేయి (17పీ) మీద 17పీ13.1 దగ్గరున్న టీపీ53 జీన్ నారింజ రంగులో, అదే క్రోమోజోమ్ సెంట్రోమియర్ (రెండు చేతులూ కలిసే నడుము) ఆకుపచ్చలో వెలుగుతాయి. డీఎన్‌ఏ దెబ్బతింటే ఆ జీన్ తయారుచేసే పీ53 ప్రొటీన్, పీ21 అనే మరో ప్రొటీన్‌ను పెంచి కణాన్ని డీఎన్‌ఏ కాపీ కాకముందు ఉండే జీ1 దశలోనే నిలిపేస్తుంది. ఆ కాపలా పోయిన సీఎల్ఎల్‌కు ఫ్లుడరాబిన్ లాంటి కీమో మందులు సరిగా పనిచేయవు. జర్మన్ పరిశోధకుడు హార్ట్‌ముట్ డోనర్ బృందం 2000లో 325 మంది రోగులపై ప్రచురించిన అధ్యయనంలో 17పీ పోయినవాళ్ల మీడియన్ మనుగడ (సగం మంది దాటిన కాలం) 32 నెలలు, 13క్యూ (13వ క్రోమోజోమ్ పొడుగు చేతిలో ముక్క) ఒక్కటే పోయినవాళ్లది 133 నెలలు. బీటీకే ఇన్హిబిటర్లు (క్యాన్సర్ కణంలోని బీటీకే ఎంజైమ్‌ను అడ్డుకునే మందులు) వచ్చాక ఆ లెక్కలు మారాయి. అయినా ఏ మందుతో మొదలుపెట్టాలో డాక్టరు ఇప్పటికీ ఈ రిపోర్టు చూసే నిర్ణయిస్తారు.

నాకు దీంట్లో బాగా నచ్చింది ఆకుపచ్చ సిగ్నల్. రెండు నారింజ, రెండు ఆకుపచ్చ ఉంటే నార్మల్. నారింజ ఒకటే ఉండి ఆకుపచ్చ రెండుంటే డిలీషన్ (ఆ జీన్ ఉన్న ముక్క పోవడం). రెండూ ఒక్కొక్కటే ఉంటే 17వ క్రోమోజోమ్ ఒకటి మొత్తంగా పోయిందని అనుమానించాలి. ఏటీఎం (11వ క్రోమోజోమ్ పొడుగు చేయి, అంటే 11క్యూ మీదున్న జీన్), టీపీ53 కలిపిన ప్రోబ్ కూడా వాడాను. ఒకే శాంపిల్‌లో 11క్యూ సంగతీ తేలిపోతుంది కాబట్టి ఖర్చు కలిసొస్తుంది, కానీ సెంట్రోమియర్ లేనందువల్ల ఈ తేడా అందులో కనబడదు. ఐసోక్రోమోజోమ్ 17క్యూ (పొట్టి చేయి పోయి పొడుగు చేయి రెండుసార్లున్న 17వ క్రోమోజోమ్) కేసుల్లో రెండు ఆకుపచ్చ చుక్కలు పక్కపక్కనే అతుక్కున్నట్టు కనిపిస్తే వెంటనే కేరియోటైప్ (మొత్తం క్రోమోజోమ్‌ల చిత్రం) చూస్తాను.

సెంట్రోమియర్ దగ్గర ఒకే వరుస వేలసార్లు పునరావృతం అవుతుంది కాబట్టి ఆకుపచ్చ ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. ఇబ్బంది పెట్టేది నారింజే. డినేచురేషన్ (డీఎన్‌ఏ రెండు పోగులను వేడితో విడదీయడం) సరిగా జరగకపోతే ముందు మసకబారేది అదే, దాన్ని డిలీషన్‌గా లెక్కేసే ప్రమాదం ఉంది. అతుక్కోని ప్రోబ్‌ను కడిగేసే 73 డిగ్రీల వాష్‌కు వాటర్ బాత్ మీద కనిపించే అంకెను నమ్మకండి, జార్ లోపలే థర్మామీటర్ పెట్టి చూడండి. జార్‌లో ఒకేసారి నాలుగుకు మించి స్లైడ్లు దించితే వేడి పడిపోయి బ్యాక్‌గ్రౌండ్ (అనవసరపు వెలుగు) పెరుగుతుంది. ప్రోబ్‌ను చిన్న ట్యూబుల్లో పంచుకుని, వెలుతురు తగలకుండా మైనస్ 20లో ఉంచితే చివరి చుక్క దాకా బాగుంటుంది.

పారఫిన్ సెక్షన్ల (మైనంలో పెట్టి కోసిన కణజాలపు పల్చటి ముక్కల) మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు. కోతలో న్యూక్లియస్‌లు తెగి సిగ్నళ్లు వాటంతటవే తగ్గుతాయి. మైలోమాలో సీడీ138 గుర్తున్న కణాలను (ప్లాస్మా కణాలను) వేరు చేయకుండా వేస్తే, ప్లాస్మా కణాలు తక్కువున్న మజ్జలో డిలీషన్ ఉన్నా మామూలు కణాల మధ్య దొరకదు. కటాఫ్‌ను (ఎన్ని కణాల్లో కనిపిస్తే డిలీషన్ అనాలో ఆ హద్దును) కిట్ కాగితం నుంచి తీసుకోకుండా, మీ ల్యాబ్ నార్మల్ శాంపిళ్ల మీద మీరే కట్టుకోండి.

మరో ముఖ్యమైన పరిమితి: ప్రోబ్ టీపీ53 జీన్‌కంటే చాలా పెద్దది. జీన్‌లోని చిన్న డిలీషన్లు, మ్యుటేషన్లు దీనికి కనబడవు. రెండు నారింజ సిగ్నళ్లు ఉన్నంత మాత్రాన జీన్ బాగున్నట్టు కాదని మా రిపోర్టులో విడిగా రాస్తాం. సీఎల్ఎల్ మందు మొదలుపెట్టే ముందు సీక్వెన్సింగ్ (జీన్‌లోని డీఎన్‌ఏ అక్షరాలను చదివే పరీక్ష) కూడా చేయించమని అడుగుతాం. ఆ తోడు ఉంటే, 17పీ డిలీషన్‌కు నేను మళ్లీ ఎంచుకునేది ఈ ప్రోబ్‌నే.