కిలో ధర తీసుకుని లీటరు నూనె ఇస్తున్నారు, జాగ్రత్త

ఆవకాయ కోసం గానుగ నూనె కొనబోతున్నవారు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

మా ఊళ్లో ఒక గానుగ దుకాణం ముందు ‘నువ్వుల నూనె కిలో రూ.400’ అని బోర్డు ఉంది. ఐదు కిలోలు అడిగితే, ముందే నింపి ఉంచిన, ఒక్కోటి లీటరు పట్టే ఐదు సీసాలు చేతికిచ్చి రెండు వేలు తీసుకున్నారు. బిల్లులోనూ ఐదు కిలోలనే రాశారు. ఇంటికొచ్చాక అలాంటిదే ఒక ఖాళీ సీసాను వంటింటి కాటా మీద పెట్టి, అంకె సున్నాకు తెచ్చి, దాని స్థానంలో నిండు సీసా పెట్టాను. 915 గ్రాములు చూపించింది. మిగతావీ అటూ ఇటుగా అంతే.

లీటరు నీళ్లు కిలో తూగుతాయి. నూనె నీటికంటే తేలిక కాబట్టి లీటరు నువ్వుల నూనె 915 గ్రాముల దగ్గరే ఆగుతుంది, వేరుశనగ నూనె 910 దగ్గర. కిలోకు 85 గ్రాములు తరుగు, అంటే 34 రూపాయలు. నా ఐదు కిలోలకు 170 రూపాయలు ఊరికే పోయాయి.

వెళ్లి అడిగితే, ‘లీటరైనా కిలో అయినా ఒకటేనండీ, అందరూ ఇలాగే అమ్ముతారు’ అన్నారు. ఎంతమాత్రం ఒకటి కాదు. నిజంగా కిలో నువ్వుల నూనె పోస్తే 1,090 మిల్లీలీటర్లు దాటుతుంది. లీటరు సీసాను మెడ దాకా నింపినా అంత పట్టదు. కాబట్టి లీటరు సీసా చూపించి కిలో అంటే, కాటా లేకుండానే అక్కడికక్కడే నిలదీయవచ్చు. మీ డబ్బాను మీ కళ్ల ముందే ఖాళీగా తూచి, ఆ తర్వాత నూనె పోయమనండి.

ధరలు పోల్చేటప్పుడూ ఇదే చిక్కు. లీటరు ధరను 0.915తో భాగిస్తే నువ్వుల నూనె కిలో ధర వస్తుంది. ఒకచోట లీటరు 370, మరోచోట కిలో 400 అంటే మొదటిదే చవక అనిపిస్తుంది. కానీ ఆ 370 కిలో లెక్కన 404 అవుతుంది.

ప్యాకెట్ల విషయంలోనూ ఏమరుపాటు వద్దు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, అందుకని అదే లీటరు తక్కువ తూగుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. కొన్ని కంపెనీలు ఏకంగా 60 డిగ్రీల లెక్క వేసుకుని నింపేవి. అందుకే ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా, పరిమాణంతో పాటు సరైన బరువు కూడా ముద్రించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఆదేశించింది. ఇప్పుడు 750, 800, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా చూడటానికి లీటరు ప్యాకెట్లలాగే ఉంటున్నాయి. ముందువైపు బొమ్మ కాదు, నికర బరువు చదవండి.

నెయ్యి కూడా నూనె లాంటిదే, లీటరు 910 గ్రాముల లోపే. తేనె మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. అది నీటికంటే బరువు, లీటరు దాదాపు 1,400 గ్రాములు. కిలో తేనె 750 మిల్లీలీటర్ల సీసాలో సరిపోతుంది, సీసా చిన్నదని అమ్మినవారిని అనుమానించకండి.

బిల్లు, కాటా మీద సీసా ఫొటో జతచేసి తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు ఇచ్చాను. ఇలా జరిగినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. బిల్లులో ‘కిలో’ అని రాయించుకోవడం మరవకండి, అది లేకపోతే లీటరే అమ్మామని మాట మార్చేస్తారు.