కాన్వాస్ డమ్మీ: చెల్కలో బంగారం, చెరువులో మాత్రం టెన్షన్

కాన్వాస్ డమ్మీ అంటే విసిరింది తెచ్చివ్వడం కుక్కకు నేర్పడానికి వాడే, లోపల పొట్టు కూరి తాడు కట్టిన గట్టి బట్ట తిత్తి. సైజు, బరువు, తాడు పొడవు అమ్మేవాళ్లే రాస్తారు కాబట్టి అవి వదిలేస్తున్నా. నాకు చెప్పాలనిపించేది దాని బట్ట గురించి. రెండు వానాకాలాలు వాడాక కూడా ఆ బట్ట మీద ఇష్టం పోలేదు.

మాది హాలియా దగ్గర బత్తాయి తోట. కుక్క ల్యాబ్రడార్, పేరు రాజా. వేట సంగతి అడగొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. కానీ విసిరింది వెతికి, నలగకుండా నోట కరుచుకొచ్చి చేతికివ్వడం ఆ జాతి రక్తంలోనే ఉంది. అది బయటికి తీయాలని నా సరదా. మా తాత కాలంలో నాటుకుక్కలు కుందేలును పట్టేవి గానీ, వాటి నోట్లోంచి గుంజుకోవడానికి ఇంకో వేట చేయాల్సి వచ్చేదట.

దీనికి ముందు బొడిపెలున్న ప్లాస్టిక్ డమ్మీ వాడాను. తడిస్తే జారేది. జారకుండా ఉండాలని రాజా ఇంకా గట్టిగా కొరికేవాడు, నోట్లోనే తిప్పి తిప్పి నమిలేవాడు. అదే అలవాటైతే కుక్క నోరు మొరటుగా తయారవుతుంది. కాన్వాస్ ఇచ్చిన రోజే తేడా తెలిసింది. బట్టకు పట్టు దొరికింది కాబట్టి కొరకాల్సిన పని లేదు. చేతిలో పెట్టాక చూస్తే ఉమ్మి తడి తప్ప పంటి గాటు లేదు, ఒక్క పోగు కూడా లేవలేదు.

అయితే దీన్ని పసికూనకు ఇవ్వొద్దు. రెండు నెలల పిల్లకు పాత సాక్సు ముడి చాలు. రెండు పక్కలా గోడలున్న సన్నని వరండాలో విసిరితే, తిరిగి రావడానికి మన దగ్గరికి తప్ప ఇంకో దారి ఉండదు. నాలుగో నెల దాటితే పాలపళ్లు రాలడం మొదలవుతుంది. అప్పుడు లాగులాట ఆడితే చిగుళ్లు నొప్పెట్టి, ఆ పని అంటేనే విసుగు పుడుతుంది. ఏడో నెల దగ్గర 42 పళ్లూ కుదురుకున్నాకే నేను డమ్మీ బయటికి తీశాను.

అప్పుడు కూడా విసరలేదు. కూర్చోబెట్టి, నోట్లో పెట్టి, గడ్డం కింద వేలు ఆనించి 'పట్టు' అనడం, నాలుగు క్షణాలాగి 'ఇడువు' అనడం. అది కుదిరాక నోట్లో పెట్టుకునే పక్కన నడవడం. ఆ తర్వాతే విసరడం, అదీ పొడుగు తాడు కట్టి. నోట కరుచుకుని పక్కకు ఉరికితే వెంటపడేవాడిని కాదు, వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచేవాడిని. వాడే ఉరికొచ్చేవాడు. ఇంకా విసరమని అడుగుతుండగానే ఆపేసి, డమ్మీని మోటార్ గదిలో మేకుకు తగిలించేవాడిని. ఇంట్లో పడేస్తే చెప్పుల్లాగే దాన్నీ నమిలేస్తాడు.

చెల్కలో దానికి ఒక్కటే తంటా, పల్లేరుకాయలు. బట్టకు అంటుకుంటే వాడి పెదవికి గుచ్చుకుంటాయి, విసిరిన ప్రతిసారీ తడిమి చూడాలి. ప్లాస్టిక్‌తో ఈ బాధ లేదు, నిజమే.

ఇక నీళ్లు. మొదటి ఏడాది తెప్పలాగా తేలింది, నేనూ తెలిసినవాళ్లందరికీ పొగిడి చెప్పాను. సాగర్ ఎడమ కాలువలో ప్రవాహం ఉంటుంది కాబట్టి అక్కడ వేయను, మా ఊరి చెరువులోనే. రెండో వానాకాలం, అలుగు పారుతున్న రోజులు. తాడు కట్టే రింగు దగ్గర కుట్టు విడి, లోపలి పొట్టు నీళ్లు తాగుతున్నట్టుంది. బయటికి ఏమీ కనబడలేదు. విసిరితే ఒక కొన పైకి లేచి, రాజా సగం దూరం ఈదేలోపే మెల్లగా దిగిపోయింది.

వాడు అక్కడికి చేరి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. విజిల్ వేసినా వినడు. తెమ్మని నేర్పింది మనమే, తేకుండా ఎట్లా వస్తాడు? అవతల గుర్రపుడెక్క ఉంది, కాళ్లకు చుట్టుకుంటే ఇక అంతే. మా చిన్నోడు "డాడీ, గది మునిగింది, వీడు వస్తలేడు" అని ఒకటే ఏడుపు. చేతిలో ఖాళీ నీళ్ల సీసా ఉంటే మూత బిగించి గట్టుకు దగ్గరగా విసిరాను. చప్పుడు విని ఇటు తిరిగాడు, దాన్ని పట్టుకునే వచ్చాడు. ఆ తర్వాత చాలా రోజులు నీళ్లలో సగం దాకా పోయి వెనక్కి చూసేవాడు. అంత కష్టపడి తెచ్చిన నమ్మకం ఒక కుట్టుతో పోయింది, నా కోపమంతా అదే.

కొన్నచోట అడిగితే గడువు అయిపోయిందన్నారు. నీళ్లు తగ్గాక బురదలో దొరికింది. హాలియాలో చెప్పులు కుట్టే అన్న పొట్టు తీసేసి, థర్మాకోల్ ముక్కలు పాలిథిన్ కవర్లో కట్టి నింపి, నైలాన్ దారంతో కుట్టిచ్చాడు. ఇప్పుడు మునగదు. కానీ తేలికైంది, ఎదురుగాలిలో దూరం పోదు.

తోట ఉండి, పొద్దున్నే ఎండ ఎక్కకముందు టైం ఉన్నవాళ్లు కొనొచ్చు. మా ఎండల్లో ఆ తర్వాత ల్యాబ్రడార్‌ను ఉరికించడమే తప్పు. నీళ్లలో వాడేటట్టయితే ప్రతిసారీ కుట్టు చూసుకోండి, జేబులో ఒక ఖాళీ సీసా పెట్టుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఇంత ధర పెట్టాలా అంటే, నాకైతే సాక్సు ముడే చాలనిపిస్తుంది. మీ కుక్క గట్టిగా కొరికే రకమైతే మాత్రం ఇది కొనే సంగతి ఆలోచించండి.