సొవాటా ఉప్పు చెరువులు: అమ్మానాన్నలతో రొమేనియా ట్రిప్

జర్మనీలో ఉండే మనవాళ్ళు ఇండియా నుంచి పెద్దవాళ్ళు రాగానే పారిస్, స్విట్జర్లాండ్ తిప్పేస్తారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులని మేం మాత్రం రొమేనియాలో ట్రాన్సిల్వేనియా వైపు, వెచ్చటి ఉప్పునీళ్ళ చెరువులున్న సొవాటా అనే చిన్న ఊరికి తీసుకెళ్ళాం. క్లూజ్ అనే సిటీలో ఫ్లైట్ దిగి కారు రెంట్‌కి తీసుకుంటే మూడు గంటల దాకా పడుతుంది. ఊళ్ళో ఎక్కువమంది మాట్లాడేది హంగేరియన్, ఇంగ్లీష్ హోటళ్ళలో పర్లేదు, చిన్న షాపుల్లో కష్టం.

అసలు చూడాల్సింది ఉర్సు చెరువు. 1875 ప్రాంతంలో కింద ఉప్పు కరిగి నేల కుంగిపోతే ఏర్పడింది. వాగుల మంచినీళ్ళు తేలిక కాబట్టి ఉప్పునీళ్ళ మీద పొరలా నిలబడిపోతాయి, ఎండ వేడి కిందికి దిగుతుంది కానీ ఆ బరువు నీళ్ళు పైకి లేవవు, దాంతో వేడి అక్కడే ఉండిపోతుంది. 1902లో కలెచిన్‌స్కీ అనే హంగేరియన్ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, మన భుజ్‌లో ఎండ వేడిని పట్టి ఉంచడానికి కట్టిన సోలార్ పాండ్ అనే ఉప్పునీళ్ళ చెరువుది కూడా ఇదే సూత్రం. నీళ్ళలో నిటారుగా ఉంటే భుజాల దగ్గర చల్లగా, పాదాల దగ్గర గోరువెచ్చగా తెలుస్తుంది! నాన్నకి ఈత రాదు, అయినా ఉప్పునీళ్ళు మనిషిని తేల్చేస్తాయి, "ఒరేయ్ మునగట్లేదురా" అని ఆయన నవ్విన నవ్వు చాలు నాకు. కళ్ళలో మాత్రం నీళ్ళు పడనీకండి, భగ్గున మండుతాయి.

మధ్యాహ్నం కొన్ని గంటలు ఎవర్నీ దిగనివ్వరు. జనం కదిలించేస్తే పొరలు కలిసిపోయి వేడి పోతుంది, మళ్ళీ కుదురుకోవాలి కదా. ఒకప్పుడు ఉన్నంత వేడి ఇప్పుడు లేదు కూడా, అందుకే ఆ రూల్ మీద గొడవపడేవాళ్ళని చూస్తే నాకు బాధేసింది. ఆ టైంలో చుట్టూ ఉన్న చెక్కదారి మీద నిదానంగా నడవండి, తెల్లటి ఉప్పురాళ్ళు బయటికే కనిపిస్తాయి. పక్కనే అలునిష్ చెరువు, అక్కడ రద్దీ తక్కువ, నాకదే ఎక్కువ నచ్చింది.

స్టే గురించి గట్టిగా చెప్తా. మేం ముందు దిగిన గెస్ట్‌హౌస్ చెరువుకి దగ్గరే అన్నారు, దగ్గరే కానీ అంతా ఏటవాలు, లిఫ్ట్ లేదు, అమ్మ రెండో అంతస్తు ఎక్కలేక ఇబ్బంది పడింది. తర్వాత లోపలే వెచ్చటి ఉప్పునీళ్ళ పూల్ ఉన్న స్పా హోటల్‌కి మారాం, రేటు బాగా ఎక్కువ, అయినా పెద్దవాళ్ళతో వెళ్తే అదే తీసుకోండి. అక్కడ డాక్టర్ బీపీ చూసి, ఎంతసేపు ఉండాలో చెప్పి పంపారు, ఆ పద్ధతి నాకు నచ్చింది. నొప్పి తగ్గిపోయిందని చెప్పను, ఆ రాత్రులు అమ్మ హాయిగా నిద్రపోయింది.

తిండికి మమలీగా ఉంది, మొక్కజొన్న పిండి సంకటి, మా ఆవకాయతో లాగించేశాం. నిప్పుల మీద కాల్చే కుర్తోష్ కలాచ్ అనే గొట్టంలాంటి తియ్యటి రొట్టె వేడిగా తినాలి.

దగ్గర్లోని ప్రైద్ ఉప్పు గనిలో మేం బస్సులో 120 మీటర్ల లోతుకి వెళ్ళాం, కానీ 2025 మేలో వాగు నీళ్ళు చేరి గని మునిగిపోయింది, కాబట్టి దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. సాయంత్రం చీకటి పడ్డాక అడవి వైపు నడకలొద్దు, ఎలుగుబంట్లు నిజంగానే ఊళ్ళోకి వస్తాయి, ఫోన్‌కి ప్రభుత్వం అలర్ట్ వస్తే వెంటనే లోపలికెళ్ళిపోండి. చెరువులో స్నానాలు ఎండాకాలంలోనే, బుక్ చేసేముందు చెరువు తెరిచి ఉందో లేదో హోటల్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.