పిల్లలకు ఫాంటసీ సిరీస్ కొనేముందు నాలుగో పుస్తకం తిరగేయండి

ఫాంటసీ సిరీస్‌ల మీద వచ్చే సమీక్షలు చాలావరకు మొదటి పుస్తకం చదివి రాసినవే. మొదటిది ఎలాగూ బాగానే ఉంటుంది. బాగున్నందుకే దాని వెనక మిగతావి వచ్చాయి. పిల్లలు చదవడం ఆపేసేది మూడోది అయ్యాకో, నాలుగోది సగంలోనో. మా కాలనీ గ్రంథాలయంలో ఏడు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల చేతుల్లో ఏళ్ళ తరబడి నలిగిన సిరీస్‌ల గురించి ఇది రాస్తున్నాను. ఏది ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగిపోతుంది, కొనేటప్పుడే దాన్ని ఎలా పసిగట్టాలి అన్నదే ఇందులో విషయం.

హ్యారీ పోటర్‌తో మొదలుపెడతాను. పిల్లలకు ఎనిమిదేళ్ళు రాగానే ఎవరో ఒకరు ఏడు పుస్తకాల పెట్టె తెచ్చి చేతిలో పెడతారు కాబట్టి. 1997 నుంచి 2007 దాకా వచ్చిన ఈ సిరీస్ అప్పటి పాఠకులతో పాటు పెరిగింది. నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య వాళ్ళకు మూడేళ్ళు దొరికాయి. ఇప్పటి పిల్లలకు ఏడూ ఒకేసారి ముందుంటాయి, చిక్కంతా అక్కడే. బ్రిటన్ ప్రచురణ సంస్థ బ్లూమ్స్‌బరీ తొలి ముద్రణల్లో మొదటిది 223 పేజీలు, రెండోది 251, మూడోది 317. నాలుగోది ఏకంగా 636. ఐదోది 766. పొడవొక్కటే కాదు, మొదటి మూడింటిలో ఏ పుస్తకం కథ ఆ పుస్తకంలోనే ముగుస్తుంది. నాలుగోదాని చివర తోటి విద్యార్థి ఒకడు హత్యకు గురవుతాడు. అక్కడి నుంచి కథ రంగే మారిపోతుంది. అందుకని మొదటి మూడూ తొమ్మిదేళ్ళకు ఇచ్చి, నాలుగోది పదకొండు నిండాక ఇస్తే సరిపోతుంది. ఈ మధ్యలో వేరే సిరీస్ ఏదైనా చదివించవచ్చు. పెట్టె ముందే కొనేసి ఉంటే చివరి నాలుగూ కంటికి కనపడని చోట పెట్టండి. ఎదురుగా ఉంటే మూడోది అయిన మర్నాడే నాలుగోది తీస్తారు, నూట యాభయ్యో పేజీ దగ్గర వదిలేస్తారు. అలా వదిలేసిన పుస్తకాన్ని తర్వాత మళ్ళీ ముట్టించడం చాలా కష్టం.

పొడవు సంగతి పేజీల్లో కంటే రోజుల్లో చూస్తే బాగా అర్థమవుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బళ్ళో ఇంగ్లిష్ చదివే పదేళ్ళ పిల్లలు నిమిషానికి సుమారు నూరు మాటలు చదువుతారనుకోండి. రోజుకు అరగంట చదివితే మూడు వేల మాటలు. పర్సీ జాక్సన్ అనే సిరీస్‌లో మొదటి పుస్తకం సుమారు 87,000 మాటలు, అంటే నెల రోజులు. హ్యారీ పోటర్ ఐదోది సుమారు 2,57,000 మాటలు. అది దాదాపు మూడు నెలల పని. మధ్యలో యూనిట్ టెస్టులొస్తాయి, దసరా ప్రయాణాలొస్తాయి, పది రోజులు పుస్తకం ముట్టకపోతే పేర్లన్నీ కలిసిపోతాయి. లావు పుస్తకాలు వేసవి సెలవులకు అట్టిపెట్టి, బడి నడిచే నెలల్లో రెండు మూడు వారాల్లో అయిపోయేవి ఇవ్వమనేది ఇందుకే. గ్రంథాలయం నుంచి తెచ్చేవాళ్ళు పద్నాలుగు రోజుల గడువులో ఏది పూర్తవుతుందో ఈ లెక్కతోనే చూసుకోవచ్చు.

భాష స్థాయి చూడటానికి ఐదు వేళ్ళ పద్ధతి చాలామందికి తెలిసిందే. ఒక పేజీ చదివించి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమంటారు, ఐదూ ముడిస్తే పుస్తకం కష్టం. ఫాంటసీకి దీన్ని ఉన్నదున్నట్టు వాడితే తప్పు ఫలితం వస్తుంది. ఊళ్ళ పేర్లు, జీవుల పేర్లు, మంత్రాలు రచయిత కల్పించినవి. అవి ఎవరికీ ముందుగా తెలియవు, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. మొదటి అధ్యాయం మీద కూడా ఈ పరీక్ష పెట్టకూడదు. కొత్త లోకాన్ని పరిచయం చేసే బరువంతా అక్కడే ఉంటుంది. మూడో అధ్యాయంలో ఏదో ఒక పేజీ తీయండి. ఆ తర్వాత అదే సిరీస్‌లో నాలుగో పుస్తకం మధ్య నుంచి ఒక పేజీ తీయండి. రెండింటికీ మధ్య పెద్ద తేడా ఉంటే, ఆ సిరీస్‌ను ఒకే ఊపున కొనకూడదని అర్థం.

ఈ పరీక్ష భాషను మాత్రమే చూస్తుంది, విషయాన్ని చూడదు. ఇక్కడ ఎక్కువగా మోసపోయేది ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ విషయంలో. కలాం గారి ఆత్మకథ పేరూ ఇదే కాబట్టి ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు రచయిత పేరు, టుయి సదర్లండ్ అని చేర్చి చూడండి. 2012లో మొదలై 2022కు పదిహేను పుస్తకాలైన డ్రాగన్ల కథ ఇది. వాక్యాలు చిన్నవి, సంభాషణలు ఎక్కువ, ఎనిమిదేళ్ళవాళ్ళు కూడా గబగబా చదివేస్తారు. కానీ మొదటి పుస్తకంలోనే బందీలను చచ్చేదాకా పోట్లాడించే రాణి ఉంది, రక్తపాతం వివరంగా ఉంది. కొందరు పిల్లలకు ఇదేమీ పట్టదు, కొందరు రాత్రి నిద్రపోరు. తొమ్మిది దాటాకే ఇవ్వండి, ముందు మీరు తొలి అధ్యాయాలు చదవండి. ఈ సిరీస్‌లో గొప్ప సౌకర్యం ఏమిటంటే ఐదు పుస్తకాలకు ఒక కథ పూర్తవుతుంది. ఐదు కొని ఆపేసినా వెలితి ఉండదు. ప్రతి పుస్తకాన్నీ ఒక్కో డ్రాగన్ వైపు నుంచి చెబుతారు, అందువల్ల మొదటిదాంట్లో క్లే అనే డ్రాగన్ మీద ప్రేమ పెంచుకున్న పిల్లలు రెండోదాంట్లో సునామీ అనే మరో డ్రాగన్ ముందుకు రాగానే ముఖం మాడుస్తారు. ముప్పై నలభై పేజీలు ఓపిక పడితే సర్దుకుంటారు. సర్దుకోనిది పదకొండోదాని దగ్గర. అక్కడ ఖండమే మారుతుంది, తెలిసిన ఏడు తెగల బదులు మూడు కొత్త తెగలు వస్తాయి. పదోదాని తర్వాత ఆగిపోయే పిల్లలను బలవంతపెట్టకండి, వాళ్ళకు కథ పూర్తయినట్టే.

దీనికి సరిగ్గా తిరగబడ్డ పుస్తకం 1968లో వచ్చిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. సన్నగా, రెండు వందల పేజీల చుట్టూ ఉంటుంది, చిన్నపిల్లల పుస్తకంలాగే కనపడుతుంది. కానీ లోపల సంభాషణ తక్కువ, కథనం చిక్కన, ఒక్కో పేరాలో ఏడాది కాలం గడిచిపోతుంది. పన్నెండేళ్ళలోపు ఇస్తే విసుగొచ్చి పక్కన పడేస్తారు. పదమూడు, పద్నాలుగులో చేతికి అందితే, నా దృష్టిలో, పిల్లల ఫాంటసీలో దీనికి సాటి లేదు.

ఇక అల్మారాలో ఎప్పుడూ ఖాళీ అయ్యేది పర్సీ జాక్సన్ వరుస. 2005 నుంచి 2009 మధ్య ఐదు పుస్తకాలు. కథంతా పర్సీ అనే పన్నెండేళ్ళ కుర్రాడు తన నోటితో తనే చెబుతాడు, అధ్యాయాలు చిన్నవి, ప్రతిదీ ఏదో ఆపదలో ఆగుతుంది. అతనికి డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవకపోవడం) రెండూ ఉన్నాయి. అక్షరాలు తడబడే పిల్లలకు ఈ ఒక్క సంగతి ఎంత ధైర్యమిస్తుందో మాటల్లో చెప్పలేను. గ్రీకు దేవతల కథలు ముందుగా తెలిసి ఉండాల్సిన పనిలేదు, ఎవరు వచ్చినా అక్కడే చెప్పేస్తాడు. ఐదు పుస్తకాల పొడవులో హ్యారీ పోటర్‌లో ఉన్నంత పెద్ద గెంతు లేదు. పదేళ్ళ పిల్లలకు ఇంగ్లిష్‌లో మొదటి పెద్ద సిరీస్‌గా ఏది ఇవ్వాలని అడిగితే వెనకాముందాడకుండా ఇదే చెబుతాను. 2023లో ఆరోది, 2024లో ఏడోది వచ్చాయి. పాత ఐదు పుస్తకాల పెట్టెలో అవి లేవని బెంగ అక్కర్లేదు, అసలు కథ ఐదోదాంట్లోనే ముగుస్తుంది.

జాగ్రత్త పడాల్సింది దాని తర్వాతి సిరీస్ ‘హీరోస్ ఆఫ్ ఒలింపస్’ దగ్గర. ఐదు అయిపోయిన ఉత్సాహంలో ఇది కొంటారు. 2010లో వచ్చిన మొదటి పుస్తకం ‘ద లాస్ట్ హీరో’లో పర్సీ కనపడడు. జ్ఞాపకం పోయిన వేరే కుర్రాడితో కథ మొదలవుతుంది, ‘నేను’ అని చెప్పే గొంతు పోయి ముగ్గురి వైపు నుంచి కథ నడుస్తుంది, పుస్తకమూ లావు. పర్సీ కోసం వెతుక్కుని, దొరక్క మూసేస్తారు. రెండో పుస్తకంలో వస్తాడని ముందే చెప్పండి, ఈ ఒక్క మాటతో చాలామంది నిలబడతారు. మూడోది ‘ద మార్క్ ఆఫ్ అథీనా’ ముఖ్యపాత్రలు పాతాళంలోకి పడిపోతుండగా ఆగుతుంది. మూడోదీ నాలుగోదీ జంటగా తీసుకోండి, లేకపోతే ఆ రాత్రి ఇంట్లో గొడవే.

మహాభారతం వింటూ పెరిగిన పిల్లలకు ‘ఆరూ షా’ సిరీస్ ఉంది. 2018 నుంచి 2022 దాకా ఐదు పుస్తకాలు వచ్చి పూర్తయింది. అట్లాంటా మ్యూజియంలో ఒక అమ్మాయి దీపం వెలిగించడంతో కథ మొదలవుతుంది, పాండవులు ఈ కాలపు ఆడపిల్లలుగా పుడతారు. ఆరూ ఇంద్రుడి కూతురు, మిని యమధర్మరాజు కూతురు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు ఇందులో ఇల్లూ బడీ రెండూ కనపడతాయి. ఇక్కడి పిల్లలకు చిక్కు వేరు. పురాణం కంటే అమెరికన్ సినిమాల, టీవీ షోల ప్రస్తావనలే అర్థం కావు, సగం హాస్యం చేజారుతుంది. పదకొండేళ్ళు దాటితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. భారతం బాగా తెలిసిన పిల్లలు ‘ఇలా ఎక్కడ ఉంది’ అని నిలదీస్తారు. అప్పుడు అసలు కథ చెప్పండి, రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడమే ఈ సిరీస్‌తో వచ్చే పెద్ద లాభం.

నార్నియా ఏడు పుస్తకాల్లో ఒకటే మెలిక, వరుస. 1950లో ముందుగా వచ్చింది బీరువా గుండా వేరే లోకంలోకి వెళ్ళే కథ. ఇప్పటి పెట్టెల్లో ఒకటి అని అంకె వేసి ఉండేది 1955లో వచ్చిన ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’, కథాకాలం ప్రకారం అది ముందు కాబట్టి. అంకెను పట్టించుకోకుండా బీరువా కథతోనే మొదలుపెట్టండి. అడవి మధ్యలో దీపస్తంభం ఎందుకుందన్న ఆశ్చర్యం ముందు కలగాలి, దాని వెనక కథ తర్వాత తెలియాలి. పదిహేడు చిన్న అధ్యాయాలు, రోజుకొకటి చదివి వినిపించడానికి ఏడెనిమిదేళ్ళవాళ్ళకు చక్కగా కుదురుతుంది.

అంకెల గొడవ ‘మ్యాజిక్ ట్రీ హౌస్’లో ఇంకా ఎక్కువ. పుస్తకానికి పది అధ్యాయాలు, మొదటివి సుమారు ఐదు వేల మాటలు, ఆరేడేళ్ళ పిల్లలు సొంతంగా పూర్తిచేసే తొలి సిరీస్‌గా దీన్ని మించింది నాకు తెలియదు. మొదటి ఇరవై ఎనిమిదింటిలో నాలుగేసి పుస్తకాలకు ఒక చిన్న రహస్యం నడుస్తుంది కాబట్టి నాలుగేసి చొప్పున కొనండి. 2017లో తిరిగి అంకెలు వేశారు. పాత 29వ పుస్తకం మెర్లిన్ మిషన్స్ అనే వేరే వరుసలో ఒకటోది అయింది, కొత్త 29వది వేరే కథ. పాత పుస్తకాల షాపులో 29 నుంచి పైన తీసుకునేటప్పుడు అంకెను వదిలేసి పేరు చూడండి.

తెలుగులో ఏముందని అడిగేవాళ్ళకు నా జవాబు దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియళ్ళు. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం లాంటివి మొత్తం పన్నెండు. తర్వాత పుస్తకాలుగానూ వచ్చాయి. ఇంగ్లిష్ సిరీస్‌లలో ఉన్న తలనొప్పులేవీ వీటికి లేవు. చాలావరకు దేనికదే పూర్తి కథ, వాటిలో ఏది ముందు చదివినా ఫరవాలేదు. నెలనెలా వచ్చిన భాగాలు కనుక ప్రతి పదీ పదిహేను నిమిషాలకు కథ ఏదో గండం దగ్గర ఆగుతుంది, రాత్రిపూట చదివి వినిపించడానికి కొలిచినట్టు ఉంటుంది. లోటు కూడా చెప్పాలి, సాహసమంతా మగవాళ్ళదే, ఆడపిల్లలకు చేయడానికి పెద్దగా పని ఉండదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు తమంతట తాము రెండు పేజీలు దాటరు. కథనం మీరు చదవండి, సంభాషణలు వాళ్ళ చేత చదివించండి. పాత్రకో గొంతు పెట్టుకుని చదవడం మొదలైతే కొన్నాళ్ళకు కథనం కూడా లాక్కుంటారు. మొదటిసారికి తోకచుక్క గానీ పాతాళదుర్గం గానీ తీసుకోండి.

కొనే చోటు గురించి కొంత. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పూట, విజయవాడ లెనిన్ సెంటర్‌లో ఈ సిరీస్‌ల విడి పుస్తకాలు సగం ధరకు, ఒక్కోసారి అంతకంటే తక్కువకు దొరుకుతాయి. ఫుట్‌పాత్ మీద కొత్తగా మెరిసే లావు పుస్తకం మరీ చవగ్గా ఉంటే అది దొంగ ముద్రణ. కాగితం అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనపడతాయి, ముందుండే మ్యాప్ నల్లగా అలికినట్టు ఉంటుంది. ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పదహారు పేజీల కట్ట, మొత్తం ఎగిరిపోవడం లేదా రెండుసార్లు రావడం వాటిలో మామూలు. పేజీ అంకెలు చివరిదాకా తిరగేయనిదే డబ్బివ్వకండి. అమెరికా ముద్రణకూ ఇక్కడ దొరికే బ్రిటన్ ముద్రణకూ పేజీలు కలవవు, హ్యారీ పోటర్ మొదటిదానికైతే పేరే వేరు. అక్కడి పిల్లలూ ఇక్కడి పిల్లలూ ఫోన్లో కలిసి చదువుకుంటుంటే పేజీ అంకె కాకుండా అధ్యాయం అంకె చెప్పుకోమనండి.

ఐదు వందల పేజీలు దాటిన పేపర్‌బ్యాక్‌లు మన ఎండలకు మధ్యలో విడిపోతాయి. కొత్త పుస్తకం ఒక్కసారిగా మధ్యకు విరవకుండా, వెన్ను బల్ల మీద ఆనించి ముందు నుంచి కొన్ని పేజీలు, వెనక నుంచి కొన్ని పేజీలు విప్పి నెమ్మదిగా నొక్కుతూ మధ్యకు రావాలి. అప్పటికీ ఊడితే సెలోటేప్ వేయకండి, ఏడాదికి పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. ఊడిన అంచుకు ఫెవికాల్ సన్నటి గీతలా రాసి, పేజీని లోపలికంటా ఆనించి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి.