జీపు క్రౌన్‌కి 90నా, 140నా, సింథటిక్కా: మన వరంగల్ వైపు ఏది మేలు?

వరంగల్‌లో ఏ ఆయిల్ షాపుకెళ్ళి ఫోర్ బై ఫోర్‌కి గేర్ ఆయిల్ అడిగినా ముందు చేతిలో పెట్టేది ఈపీ 90 డబ్బా, బండి పాతదని చెప్తే ఈపీ 140 (అంకె పెరిగేకొద్దీ ఆయిల్ చిక్కన). ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) వేరేది కావాలంటే "రెండూ ఒక్కటేనే, తీస్కపో అన్నా" అంటారు. ఒక్కటి కాదు, అసలు గొడవంతా అక్కడే ఉంది, కానీ ముందు క్రౌన్ సంగతి, అంటే ఇరుసు మధ్య హౌసింగ్‌లో ఉండి చక్రాలని తిప్పే గేర్ల సంగతి, తేల్చుకుందాం.

90 మంచిదా 140 మంచిదా అని గంటసేపు కొట్లాడుకునేవాళ్ళు కూడా డబ్బా వెనక చిన్న అక్షరాల్లో జీఎల్-4 అనుందా జీఎల్-5 అనుందా (గేర్ ఆయిల్ ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో చెప్పే తరగతులివి) చూడరు. ఈపీ 90 అన్న పేరుతో రెండూ దొరుకుతాయి, జాగ్రత్త. చాలా జీపుల క్రౌన్‌లో పినియన్ (పెద్ద గేరుని తిప్పే చిన్న గేరు) సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త పక్కకి జరిపి బిగిస్తారు (దీన్నే హైపాయిడ్ అంటారు), అందువల్ల పళ్ళు దొర్లడమే కాకుండా ఒకదానిమీద ఒకటి జారుతూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర నిలవదు, అక్కడ ఇనుముని కాపాడేది గంధకం, భాస్వరం కలిసిన ఈపీ అడిటివ్ (ఈపీ అంటే ఎక్స్‌ట్రీమ్ ప్రెషర్, విపరీతమైన ఒత్తిడి). జీఎల్-5లో అది జీఎల్-4 కన్నా దాదాపు రెట్టింపు ఉంటుంది. కాబట్టి క్రౌన్‌కి జీఎల్-5, ఇందులో బేరం లేదు. అలాగని నంబర్ పెద్దది కదా అని గేర్‌బాక్స్‌లో కూడా అదే పోయకండి. ఇత్తడి సింక్రో రింగులున్న (గేర్ మార్చేటప్పుడు వేగాలు కలిపే రింగులు) చోట జీఎల్-4 అడిగితే జీఎల్-4 మాత్రమే, లేకపోతే ఇత్తడి మెల్లగా దెబ్బతింటుంది, గేర్లు పడటం మొండికేస్తుంది.

ఇక 80డబ్ల్యూ-90 మినరలా (ముడి చమురు నుంచి తీసిన మామూలు ఆయిల్), 75డబ్ల్యూ-90 సింథటిక్కా (ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా తయారుచేసినది)? డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 75డబ్ల్యూని మైనస్ 40 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 80డబ్ల్యూని మైనస్ 26 దగ్గర. ఆదిలాబాద్‌లో డిసెంబర్ రాత్రి ఐదారు డిగ్రీలకి పడితే మనం గజగజ వణుకుతాం గానీ ఆయిల్‌కి అది చలే కాదు. కాబట్టి ఆ అంకె కోసం మనం పైసా ఎక్కువ పెట్టనక్కర్లేదు. వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, రెండూ ఒకే తరగతి, చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. సింథటిక్‌లో నిజంగా మెరుగైనది ఏంటంటే ఎక్కువ వేడిలో తొందరగా పాడవదు, ఎక్కువ కిలోమీటర్లు నిలుస్తుంది. మే నెలలో రామగుండం ఎండలో ట్రాలీ తగిలించుకుని హైవే మీద గంటలకొద్దీ లాగేవాళ్ళకి అది పనికొచ్చే లాభమే. కాకపోతే చౌకరకం 75డబ్ల్యూ-90 డబ్బాల్లో చిక్కదనాన్ని నిలబెట్టేది పాలిమర్ అడిటివ్, పళ్ళ మధ్య నలిగి నలిగి అది తెగిపోతే ఆయిల్ పలచబడుతుంది. అలాంటిది కొనే బదులు మంచి మినరల్ నయం.

ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు వానాకాలం తిరిగేవాళ్ళకైతే నేను సింథటిక్ వద్దనే అంటాను. కారణం నీళ్ళు. రోడ్డు మీద వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా వాగులో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, సీళ్ళ గుండానో బ్రీదర్ (హౌసింగ్ లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి) గుండానో నీళ్ళు లోపలికి లాక్కుంటుంది. నీళ్ళు కలిసాక ఎంత ఖరీదైన ఆయిల్ అయినా పారబోయాల్సిందే, పాలు ఎక్కువైన టీ రంగులో కనబడుతుంది. మెకానిక్ అవసరం లేదు, మీరే చూసుకోవచ్చు: బండిని రాత్రంతా చదునైన చోట కదపకుండా ఉంచి, పొద్దున కింది డ్రెయిన్ నట్టుని విప్పేయకుండా కొంచెం వదులు చేయండి, విడిగా నీళ్ళుంటే బరువుకి అడుగున చేరి ఆయిల్ కన్నా ముందు అవే కారతాయి. మినరల్ పోసుకుంటే పారబోయడానికి చెయ్యి వెనకాడదు, సింథటిక్ అయితే "ఇంకో నెల చూద్దాంలే" అనిపిస్తుంది, ఆ నెలలోనే బేరింగులు తుప్పు పడతాయి. మిగిలిన డబ్బుతో బ్రీదర్‌కి పైపు తగిలించి ఇంజిన్ పైదాకా ఎత్తి కట్టించుకోండి. ముందు చక్రాల వైపున్న క్రౌన్‌ని మాత్రం చాలామంది మర్చిపోతారు. టూ వీల్‌లో దానిమీద లోడ్ పడదు నిజమే, కానీ వాగులో ముందు మునిగేది అదే.

140 విషయం చిన్నది. ఇది 100 డిగ్రీల దగ్గర 24 నుంచి 32.5 సెంటీస్టోక్స్, బాగా చిక్కన. క్రౌన్ కూత పెడుతుంటే 140 పోస్తే శబ్దం తగ్గుతుంది, అరుగుదల తగ్గదు, పైగా డీజిల్ ఎక్కువ తాగుతుంది. మాన్యువల్‌లో రాసి ఉంటేనో, అరిగిన పాత జీపుతో లోడ్ వేసి మెల్లగా తిరుగుతుంటేనో సరే. అమ్మే ముందు కూత వినబడకుండా 140 పోసేవాళ్ళూ ఉన్నారు, పాత బండి కొనేటప్పుడు క్రౌన్ నట్టు కూడా విప్పించి చూడండి.

ట్రాన్స్‌ఫర్ కేస్‌కి వద్దాం. జిప్సీలాగా లోపల గేర్లతోనే నడిచే వాటికి గేర్ ఆయిల్, అది కూడా లీటర్ లోపే పడుతుంది. చైన్‌తో నడిచే వాటిలో చాలావాటికి ఏటీఎఫ్, అదే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఎర్ర ఆయిల్. డెక్స్‌రాన్-3 రకం 100 డిగ్రీల దగ్గర ఏడు సెంటీస్టోక్స్ చుట్టుపక్కలే ఉంటుంది, అంటే 90 ఆయిల్‌లో సగం. దాని బదులు 90 పోస్తే లోపలి చిన్న పంపు సరిగ్గా లాగలేదు, ఫోర్ వీల్ లివర్ బిగుసుకుంటుంది. అదే తిరగేసి, గేర్లున్న దాంట్లో ఏటీఎఫ్ పోస్తే పొర పలచనై పళ్ళు అరిగిపోతాయి. ఇక్కడ ఏది మేలు అన్న ప్రశ్నే లేదు, మాన్యువల్‌లో ఏదుంటే అదే, షాపులో ఎవరేం చెప్పినా సరే. పాత ఆయిల్ ఎర్రగా ఉందా అని చూసి నిర్ణయించకండి, ముందటి ఓనర్ ఏం పోసాడో దేవుడికెరుక.

వెనక లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే ఏర్పాటు) ఉన్నవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. క్లచ్ ప్లేట్ల రకాలు కొన్నిటికి ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సరిచేసే మందు) కలిపిన ఆయిల్ కావాలి, లేకపోతే మలుపుల్లో కటకటమంటుంది. లాకర్ల (రెండు చక్రాలని కలిపి బిగించేవి) సంగతి వేరే, వాటిలో ఆ మందు కలపాలా వద్దా అన్నది బండి కంపెనీ చెప్పిందే వినాలి.

ఏది కొన్నా, మార్చే రోజు పైన ఆయిల్ పోసే నట్టు ముందు విప్పించండి, అది వచ్చాకే కింది నట్టు. పైది తుప్పు పట్టి రాకపోతే, అప్పటికే కిందినుంచి ఆయిలంతా కారిపోయి ఉంటే, బండి ఆ షెడ్డులోనే ఉండిపోతుంది.